3300 కేవీ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ 3300 కేవీ గారికి,

మా ఊరి చివర సబ్‌స్టేషన్ గేటుకు 33 కేవీ అన్న బోర్డు వేలాడుతూ ఉంటుంది. అక్కడ కేవీ అంటే వేయి వోల్టులు. అందుచేత మా అబ్బాయి రిమోట్ కారు కోసం కొత్తగా తెచ్చిన, గుప్పిట్లో పట్టే బ్రష్‌లెస్ మోటారు మీద బంగారు అక్షరాల్లో మిమ్మల్ని చూడగానే మా నాన్నగారు, వంద సబ్‌స్టేషన్లను ఇంట్లోకి తెచ్చావేమిటిరా అంటూ రెండడుగులు వెనక్కి వేశారు. మీరు వోల్టేజీ కాదనీ, భారం లేకుండా తిరిగేటప్పుడు ఒక్కో వోల్టుకు నిమిషానికి వచ్చే చుట్ల సంఖ్య మాత్రమేననీ ఆయనను ఒప్పించడానికి అరగంట పట్టింది. 7.4 వోల్టుల బ్యాటరీతో గుణిస్తే 24,420 చుట్లు. చక్రాలూ గేర్లూ లేనంత వరకు అది సత్యమే. ఎన్నికల హామీ కూడా భారం మీద పడనంత వరకు సత్యమే కదా.

ఆ కారులో ఇంతకాలం పనిచేసి, లోపల కరెంటు అందించే బ్రష్‌లు అరిగి కన్నుమూసిన పాత మోటారు మీద 27 టర్నులు, అంటే లోపలి తీగ చుట్టిన చుట్లు, అని మాత్రమే ఉండేది. టర్నులు తగ్గినకొద్దీ వేగం పెరిగే వంశం వారిది. గొప్పను తగ్గించి చెప్పుకోవడం వారి ఇంటి ఆచారం. తమరి వంశాచారం వేరని దుకాణంలోనే గ్రహించి ఉండవలసింది.

పాత మోటారుకు రెండు తీగలు, తమరికి మూడు. మోటారు వేగాన్ని అదుపు చేసే పాత ఈఎస్‌సీ పెట్టెకు తమరిని తిప్పే విద్య రాదు గనుక, మోటారు కొందామని వెళ్లిన నేను బ్రష్‌లెస్ ఈఎస్‌సీని కూడా కొన్నాను. అంటే పెళ్లికూతురితో పాటు మేనత్తను కూడా ఇంటికి తెచ్చుకున్నట్టయింది. తిరిగే ఇరుసు, అంటే షాఫ్టు, మందం 3.175 మిల్లీమీటర్లు, మరల రంధ్రాల మధ్య దూరం 25 మిల్లీమీటర్లు, రెండూ పాతదానితో సరిపోయాయి. ఈ ఒక్క మేలుకు కృతజ్ఞుణ్ని. కానీ షాఫ్టుకు తగిలించే చిన్న గేరు, అదే పినియన్, సంగతి ఏమిటి? గేరు పళ్ల కొలతలు రెండు రకాలు; 0.6 మాడ్యూల్ పళ్లూ 48 పిచ్ పళ్లూ చూపుకు కవలలే. ఒకదాని పక్కన మరొకదాన్ని బిగించి ట్రిగ్గర్ నొక్కితే మాత్రం పినియన్ తిప్పే పెద్ద గేరు, అంటే స్పర్ గేరు, పళ్లు పేలాల్లాగా ఎగురుతాయి. ఎగిరాయి.

రెండో స్పర్ గేరుకు సరైన పినియన్ తెచ్చి, రెంటి మధ్య దినపత్రిక ముక్క పెట్టి మోటారును ఆనించి, మరలు బిగించాక కాగితాన్ని లాగేశాను. పళ్లు ఒకదాన్నొకటి కొరుక్కోకుండా, జారిపోకుండా ఉండటానికి ఆపాటి సందు చాలు. సంపాదకీయం ఇంత ఉపయోగపడటం నేనెన్నడూ చూడలేదు. మర పొడవు ఎక్కువైతే మోటారు లోపలి తీగ చుట్టను పొడుస్తుందని కూడా తమరు ఎక్కడా సెలవివ్వలేదు; అదృష్టవశాత్తు ఆ ముక్క దుకాణంలో కుర్రాడు చెప్పాడు.

తీరా ట్రిగ్గర్ ముందుకు నొక్కితే కారు వెనక్కి పరుగెత్తి చెప్పుల స్టాండులో దూరింది. మూడు తీగల్లో ఏ రెంటిని తారుమారు చేసినా దిశ మారుతుంది కాబట్టి, అది రెండు నిమిషాల పని. తరువాత కారు వీధి చివరి వరకు వెళ్లిన తీరు చూసి నాన్నగారు కూడా వాకిట్లోకి వచ్చారు. ఐదు నిమిషాలకు మోటారు మీద వేలు ఆనించలేకపోయాను. ఇంత వేగానికి పాత పినియన్‌కున్నన్ని పళ్లు ఎక్కువ, రెండు మూడు తగ్గించాలి.

మళ్లీ బజారుకు బయలుదేరుతున్నాను. ఆటో ఛార్జీని తమరి ఖాతాలో రాసుకుంటున్నాను.

ఇట్లు,
కాలిన చూపుడు వేలితో,
తమ విధేయుడు