నాలుగు బై ఐదు

మా చెల్లెలికి అబద్ధం చెప్పడం రాదు. అందుకే దానితో బజారుకు వెళ్ళాలంటే నాకు గుండె దడ. మొన్న మాఘంలో దాని కూతురి పెళ్ళి. చీరలకని మా గుంటూరులోనే లక్ష్మీపురం వెళ్ళాం. కొట్లో నిలువుటద్దం ముందు గంధం రంగు పట్టుచీర భుజాన వేసుకుని మురిసిపోతుంటే, వెనకనుంచి తాపీగా, "చీర బాగుందక్కా. జుట్టే, విగ్గు పెట్టుకున్నట్టుంది" అంది.

విగ్గు కాదు, నా కష్టార్జితం. ఇరవై ఏళ్ళుగా నెల తిరక్కుండా నల్లరంగు వేస్తున్నాను. నాకిప్పుడు అరవైకి రెండు తక్కువ. మొహం దారిన మొహం ముందుకు వెళ్ళిపోయింది, జుట్టు మాత్రం ముప్పై ఎనిమిది దగ్గరే ఆగిపోయింది. నెలకు సుమారు సెంటీమీటరు చొప్పున మొదళ్ళు పెరుగుతాయి కదా, నాలుగో వారానికల్లా పాపిట్లో తెల్లచార తేలుతుంది. తారురోడ్డు మధ్య సున్నం గీత గీసినట్టు. ఆ గీత కనిపించిన రోజు నేను గుడికి కూడా వెళ్ళను.

అంతకుముందు గోరింటాకు వాడేదాన్ని. గోరింటాకులో లాసోన్ అని ఒక పదార్థం ఉంటుంది. నల్లవెంట్రుక మీద దాని ప్రతాపం పెద్దగా తెలియదు, తెల్లవెంట్రుక దొరికితే మాత్రం నారింజతొన చేసి వదుల్తుంది. దానిమీద నీలిమందు ఆకు పొడి పెడితే నల్లబడుతుంది, నిజమే. కానీ రెండు విడతలు తడినెత్తితో కూర్చునేసరికి నాకు పడిశం పట్టేది. ఆ తర్వాత 'బ్లాక్ హెన్నా' ప్యాకెట్ల మీద పడ్డాను. ఒకరోజు కళ్ళజోడు పెట్టుకుని వెనక చిన్నక్షరాలు చదివితే, నలుపు తెచ్చేది ఆకు కాదు, పీపీడీ అనే రసాయనమని తేలింది. డబ్బాల్లో రంగుకీ దీనికీ పేరే తేడా. ఆ పాటిదానికి డబ్బాయే నయమనుకున్నాను.

చెల్లెలి మాట ముల్లులా గుచ్చుకుంది. మర్నాడే అరండల్‌పేటలో ఒక బ్యూటీపార్లర్‌కు వెళ్ళాను. అక్కడి పిల్లకు పాతికేళ్ళు కూడా ఉండవు, కానీ సబ్జెక్టు ఉంది. నన్ను కుర్చీలోంచి లేపి వరండాలో ఎండలోకి తీసుకెళ్ళింది. ట్యూబ్‌లైటు కింద రంగు ఎంచుకోకూడదట. అట్టమీద కుచ్చులు కుచ్చులుగా అతికించిన వెంట్రుకలను ఒక్కొక్కటే నా బుగ్గ పక్కన పెట్టి చూసింది.

"వయసు పెరిగేకొద్దీ మొహంలో రంగు కాస్త తగ్గుతుందాంటీ. జుట్టు మాత్రం కాకినలుపు ఉంటే కళ్ళ కింద నీడలు, మూతి పక్క గీతలు ఇంకా ఎత్తి చూపిస్తుంది. మీ పాత నలుపుకంటే రెండు మూడు మెట్లు పైకెళ్ళండి. ఒకటంటే కాటుక నలుపు, పదంటే లేత బంగారం. మీకు నాలుగు చాలు, బ్రౌన్. తెల్లచార కూడా అంత తొందరగా బయటపడదు."

"మరి చుక్క పెట్టి పక్కన ఇంకో అంకె ఉందేంటమ్మా?"

"అది జీర. ఒకటైతే బూడిద, మూడైతే బంగారం, నాలుగైతే రాగి, ఐదైతే మహాగని. చాలా కంపెనీలది ఇదే లెక్క. మీ చామనఛాయకు 4.5 బాగుంటుంది. పాత చెక్కబీరువా రంగు."

బీరువా అన్నందుకు కాస్త చివుక్కుమన్నా, లెక్క మాత్రం ఇట్టే అర్థమైంది. అర్థం కాకేం, మాది బ్రాడీపేట. మా దగ్గర అడ్రసులన్నీ ఇలాగే. నాలుగు బై పద్నాలుగు అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. రంగు కూడా అంతే! చుక్కకు ముందుది లైను, తర్వాతది అడ్డరోడ్డు. మా చీటీపాట ఆడవాళ్ళందరికీ ఈ ముక్క చెప్పేయాలని నోరు ఊరింది.

ఆ పిల్ల ఇంకో మాట కూడా అంది. రంగుమీద రంగు వేస్తే కిందిది తేలిక పడదట, పాత నలుపు అలాగే ఉండి కొత్తది మొదళ్ళకే పట్టుకుంటుందట. నల్లరంగు తీయడం పెద్ద పని, మేం చూసి చేస్తామంటూ రేటు చెప్పింది. పెళ్ళి సీజను రేటు. ఆ డబ్బుతో మూడు జాకెట్లు, అదీ మగ్గం వర్కుతో, కుట్టించుకోవచ్చు. "మావారిని అడిగి చెబుతానమ్మా" అని వచ్చేశాను. మావారిని నేను ఏదైనా అడిగి ముప్పై అయిదేళ్ళయింది.

కానీ కొట్టుకు పంపింది ఆయన్నే. ఆయన పోస్టాఫీసులో రిటైరయ్యారు. బ్రాడీపేటలో ఏ లైన్లో ఏ అడ్డరోడ్డు ఎక్కడ కలుస్తుందో నిద్రలో లేపి అడిగినా చెబుతారు. "నాలుగు బై ఐదు, బ్రౌను" అన్నాను. "ఆహా, జామచెట్టు ఇల్లు దగ్గర" అన్నారు. గంటలో డబ్బా తెచ్చి బల్లమీద పెట్టి, ఎందుకో గబగబా పేపరు చదవడంలో మునిగిపోయారు. నేను డబ్బా చూశాను. నాలుగూ ఉంది, ఐదూ ఉంది, మధ్యలో చుక్కా ఉంది. బొమ్మలో పిల్ల నవ్వుతోంది. ఇంకేం కావాలి?

నేను మరీ మొద్దును కాదు. చెవి వెనక కొంచెం రాసుకుని డబ్బామీద చెప్పినట్టు నలభై ఎనిమిది గంటలు ఆగాను. దురద లేదు, దద్దురు లేదు. పరీక్ష పాసయ్యాను. కాకపోతే ఆ పరీక్ష మందు పడుతుందా లేదా అన్నదానికే, నంబరు సరైనదా కాదా అన్నదానికి కాదు.

పెళ్ళి ఆదివారం రాత్రి. శనివారం మధ్యాహ్నం పాత నైటీ వేసుకుని, కింద పేపర్లు పరిచి, నుదుటి అంచునా చెవులకీ వ్యాజ్‌లైన్ పట్టించాను. లోహపు గిన్నె వద్దన్నారని పాత పెరుగు డబ్బాలో ట్యూబునీ సీసానీ కలిపాను. మొదట వెన్నలా తెల్లగా ఉంది. గాలి తగిలేకొద్దీ రంగు తేలడం మొదలైంది. తేలి తేలి ఆవకాయ ఊట రంగుకొచ్చింది. అక్కడైనా అనుమానం రావాలి. కళ్ళజోడు తీసేశాను కదా, అన్నీ అందంగానే కనిపించాయి. పాత టూత్‌బ్రష్‌తో పాపిడి పాపిడికీ రాసి, ప్లాస్టిక్ కవరు చుట్టుకుని, అరగంట సీరియల్ చూశాను. అందులో అత్తగారికి ఎనభై ఏళ్ళు, జుట్టు కాటుక నలుపు. ఎవరూ ఏమీ అనరు.

తల కడిగి పెరట్లో ఎండకు నిలబడి, కళ్ళజోడు పెట్టుకుని చేతి అద్దంలో చూసుకున్నాను.

గురివింద గింజకు తన కింద నలుపు తెలీదంటారు. నేను అచ్చం గురివింద గింజను. కిందంతా పాత నలుపు చెక్కుచెదరలేదు, పైన మొదళ్ళ దగ్గర ముప్పావంగుళం మేర నిగనిగలాడుతూ ఎరుపు. పార్లర్ పిల్ల చెప్పింది చెప్పినట్టు. పెళ్ళి పనుల హడావుడిలో రెండు నెలలుగా రంగు వేయలేదు కాబట్టి చార కూడా వెడల్పే. నెత్తిన ఎవరో మిరపకాయలు ఆరబోసినట్టుంది. గుంటూరులో పుట్టాను కాబట్టి చెబుతున్నాను, యార్డుకు తీసుకెళితే మంచి రేటు పలికే రంగు.

డబ్బా వెతికి తీశాను. 5.4. ఐదో లైను, రాగి అడ్డరోడ్డు.

"ఏవండీ!"

పేపరు వెనకనుంచి చప్పుడు లేదు. ఇంకోసారి పిలిస్తే పేపరు కొంచెం దిగింది.

"4.5 అయిపోయిందన్నాడే కొట్టువాడు. ఇది ఉందన్నాడు. నాలుగు బై ఐదుకీ ఐదు బై నాలుగుకీ ఎంత దూరం? ఒక లైను దాటి, ఒక సందు తిరిగితే అదే. నడిచి వెళ్ళొచ్చు!"

ఉత్తరం తప్పు ఇంట్లో వేస్తే ఎవరో తెచ్చి ఇస్తారు. నా నెత్తిని ఎవరు తెచ్చిస్తారండీ అన్నాను. ఆయన వచ్చి కాసేపు పరిశీలనగా చూసి, "దేవుడి పటాల్లో తల వెనక వెలుగుంటుందే, అలా ఉందోయ్" అన్నారు. మెచ్చుకోలనే అనుకున్నారు పాపం. హైదరాబాదు నుంచి అమ్మాయి వీడియో కాల్ చేసి, "అమ్మా, ఏదైనా ఫిల్టర్ పెట్టావా?" అంది.

పార్లర్‌కు ఫోన్ చేశాను. ఆ పిల్ల నవ్వాపుకోవడం ఫోన్లో స్పష్టంగా వినిపించింది. "ఇవాళే మళ్ళీ కెమికల్ పెట్టకండాంటీ, మాడు మండుతుంది. రెండు వారాలాగి చుక్కలేని నాలుగు వేసుకోండి. లేతమీద ముదురు పడుతుంది." మరి రేపు పెళ్ళో? "పువ్వులు పెట్టుకోండి."

ఆ మాట పట్టుకున్నాను. మల్లెలు, చామంతులు పనికిరావు. కనకాంబరాలు! అచ్చంగా నా మొదళ్ళ రంగే. పూలకొట్టు అమ్మాయి దగ్గర ఐదు మూరలు తీసుకుని, ముడిచుట్టూ రెండు వరసలు చుట్టి, మిగతావి చెవులమీదుగా ముందుకు లాగి పాపిడిదాకా పిన్నులతో గుచ్చాను. మధ్యలో పాపిటబిళ్ళ. అద్దంలో చూస్తే పువ్వెక్కడ ఆగిందో నేనెక్కడ మొదలయ్యానో నాకే తెలియలేదు. పెళ్ళికూతురికంటే ఎక్కువ పూలున్నాయని తోడికోడలు సణిగింది. సణగనీ.

జీలకర్ర బెల్లం దాకా అంతా సవ్యంగానే జరిగింది. తలంబ్రాల హడావుడిలో ఎవరి మోచెయ్యో తగిలి ముందువరస దండ జారింది. మా మేనత్తకు ఎనభై రెండు. పక్క కుర్చీలోంచి ఒంగి, "తలలో పువ్వు రాలి పాపిట్లో పడిందే" అంటూ రెండు వేళ్ళతో తీయబోయింది. రాలేదు. గట్టిగా లాగింది. "అబ్బా!" అన్నాను.

"ఇదేమిటే, కనకాంబరానికి వేళ్ళున్నాయి?"

సన్నాయి ఆగిన క్షణమే దొరికిందా ఆవిడకి. మూడు వరసల వాళ్ళు తిరిగి చూశారు. ఆపై దాచడానికేమీ మిగల్లేదు. విచిత్రమేమిటంటే, అప్పగింతలయ్యేలోపు ఇద్దరు వచ్చి చాటుగా ఆ నంబరు అడిగారు. చెల్లెలు మాత్రం నా నెత్తిని చాలాసేపు చూసి, "విగ్గులా లేదక్కా ఇప్పుడు" అంది. దానికి అబద్ధం చెప్పడం రాదని ముందే చెప్పాను.

రెండు వారాల తర్వాత మావారిని మళ్ళీ కొట్టుకు పంపాను. ఈసారి కాగితంమీద పెద్ద అక్షరాలతో రాసిచ్చాను: "4. చుక్క లేదు. అడ్డరోడ్డు లేదు."

పావుగంటకు ఫోన్ మోగింది.

"ఇదిగో, కొట్టువాడు మరీ మరీ అడుగుతున్నాడు. అడ్డరోడ్డు లేదంటే మెయిన్ రోడ్డు మీదేనా?"