సినిమా మధ్యలో ఆగితే బాక్సు మార్చాలా? ఒక వాట్సాప్ సందేశానికి జవాబు

నెల్లూరు అపార్ట్‌మెంట్ల గ్రూపుల్లో, ఒంగోలు, కావలి బంధువుల గ్రూపుల్లో ఒక సందేశం చక్కర్లు కొడుతోంది. ఇంటర్నెట్ టీవీలో మనం కోరుకున్నప్పుడు పెట్టుకునే సినిమాలు, సీరియళ్లు మధ్యలో ఆగిపోతుంటే ఏం చేయాలో అది చెబుతుందట. సారాంశం ఇది: చానళ్లు వస్తూ సినిమాలు మాత్రం రాకపోతే బాక్సు పాడైనట్టే, కొత్తది కొనండి. రాత్రి ఎనిమిది దాటాక నెట్ కంపెనీలు కావాలనే వీడియోలు ఆపుతాయి, పెద్ద ప్లాన్ తీసుకుంటే వదిలేస్తాయి. స్పీడ్ టెస్టులో 100 వస్తే మీ ఇంట్లో ఏ లోపమూ లేదు. వానాకాలంలో ఆగడం మామూలే, ఓర్చుకోండి. డీఎన్ఎస్ 8.8.8.8 పెడితే వేగం రెట్టింపవుతుంది. వారానికోసారి ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. ఇవేవీ పనిచేయకపోతే కింది లింకులో ఉన్న బూస్టర్ యాప్ వేసుకోండి. పది మందికి పంపండి.

పంపుతున్నవాళ్లు మంచి ఉద్దేశంతోనే పంపుతున్నారు. కానీ దీన్ని నమ్మి నిక్షేపంలాంటి బాక్సును పక్కన పడేసినవాళ్లున్నారు, రీసెట్ చేసుకుని ఉన్న నెట్టు కూడా పోగొట్టుకున్నవాళ్లున్నారు. ఇంట్లో ఒంటరిగా ఉంటూ సాయంత్రం పూట టీవీయే తోడుగా గడిపే పెద్దవాళ్లకు ఈ సందేశం ఎక్కువగా చేరుతోంది. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు రాస్తున్నాను.

"చానళ్లు వస్తున్నాయి, సినిమాలు రావడం లేదు, కాబట్టి బాక్సు పాడైంది." ఇది పూర్తిగా తలకిందులు. ఆపరేటర్ తన సొంత నెట్‌వర్కులో నడిపే టీవీ సర్వీసుల్లో లైవ్ చానల్ వచ్చే దారి వేరు, సినిమా వచ్చే దారి వేరు. లైవ్ చానల్‌ను సాధారణంగా మల్టీకాస్ట్ పద్ధతిలో పంపుతారు. ఒకే ప్రవాహం బయల్దేరుతుంది, ఆ చానల్ పెట్టుకున్న ఇళ్లన్నీ అందులోంచే అందుకుంటాయి. మూలాపేట గుడి మైకులో పాట వేస్తే వీధి వీధంతా వింటుంది, వినేవాళ్లు పెరిగినంత మాత్రాన మైకు మీద భారం పెరగదు. సినిమా అలా కాదు. మీరు తొమ్మిదింటికి మొదలుపెట్టారు, పక్కింటివాళ్లు తొమ్మిదీ పదికి మొదలుపెట్టారు, మధ్యలో ఒకసారి ఆపి భోజనానికి వెళ్లారు. కాబట్టి సర్వరు ఒక్కో ఇంటికీ విడిగా ప్రవాహం పంపాలి. పైగా అది ఒక్క ముద్దగా రాదు. కొన్ని సెకన్ల నిడివి గల ముక్కలుగా కోసి ఉంచిన వీడియోను మీ బాక్సు ఒక్కొక్కటిగా అడిగి తెచ్చుకుంటుంది. అంతకన్నా ముందు మీ లాగిన్ సరైనదా, చందా ఉందా, ఈ పరికరానికి ఈ సినిమా చూపించే అనుమతి ఉందా అన్నవి వేరే సర్వర్లను అడిగి తెలుసుకోవాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా సినిమా రాదు, చానళ్లు మాత్రం చక్కగా వస్తూనే ఉంటాయి.

అంటే చానల్ కనబడుతోందంటే ఫైబర్‌లో వెలుగు వస్తోంది, బాక్సు వీడియోను విప్పగలుగుతోంది, హెచ్‌డీఎంఐ వైరు బాగుంది, టీవీ బాగుంది. బాక్సు మీద అనుమానం తగ్గాలి గానీ పెరగకూడదు. (యాప్‌లో చూసే లైవ్ చానళ్లకు ఈ తేడా అంతగా వర్తించదు. అవి కూడా ఎక్కువగా ఇంటింటికీ విడి ప్రవాహంగానే వస్తాయి.)

వేదాయపాలెంలో ఒక రిటైర్డ్ టీచరమ్మ ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. "బాబూ, చానళ్లన్నీ వస్తున్నాయి. సినిమా నొక్కితే మాత్రం ఏదో ఎర్రర్ చూపిస్తోంది. గ్రూపులో బాక్సు మార్చమన్నారు, మార్చేయనా?" అని అడిగారు. "ఒక్క నిమిషం ఆగండమ్మా" అని సెట్టింగ్స్‌లో తేదీ తెరిచి చూశాను. 1970 జనవరి 1 అని ఉంది. అంతకుముందు కరెంటు పోయి వచ్చిందట. చాలా బాక్సుల్లో గడియారాన్ని నడిపే బ్యాటరీ ఉండదు. కరెంటు రాగానే నెట్ ద్వారా సమయం తెచ్చుకుంటాయి. ఆ రోజు రౌటర్ ఇంకా లేవకముందే బాక్సు లేచింది. సమయం దొరకక, తన లెక్క మొదలయ్యే తేదీ దగ్గరే నిలబడిపోయింది. సినిమా సర్వరు చూపించే భద్రతా సర్టిఫికెట్‌కు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని గడువు ఉంటుంది. 1970లో ఉన్నాననుకునే బాక్సుకు ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు, అందుకే తిరస్కరించింది. బాక్సు ప్లగ్గు తీసి, రౌటర్ లైట్లు నిలకడగా వెలిగేదాకా ఆగి, మళ్లీ పెట్టాం. తేదీ సరిపడింది, సినిమా మొదలైంది. బాక్సు మార్చి ఉంటే కొత్త బాక్సును రౌటర్ లేచాకే పెడతారు కాబట్టి అది పనిచేసేది. పాతది చెడిపోయిందని ఆమె ఎప్పటికీ నమ్మి ఉండేవారు. ఇలాంటి తప్పుడు సలహాలు నిలదొక్కుకునేది ఇలాగే.

"రాత్రి ఎనిమిది నుంచి కావాలనే ఆపుతారు, పెద్ద ప్లాన్ తీసుకోండి." రాత్రిపూట వేగం తగ్గడం చాలాచోట్ల నిజమే. కారణం మాత్రం సందేశం చెప్పింది కాదు. ఇళ్లకు వచ్చే జీపాన్ ఫైబర్‌లో (ఒకే తీగను చాలా ఇళ్లకు పంచే పద్ధతి ఇది) ఆపరేటర్ వైపు ఒక్కో పోర్టు సెకనుకు దాదాపు 2.5 గిగాబిట్ల వేగాన్ని 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతుంది. ఆ పోర్టులన్నీ కలిసి ఊరి బయటకు వెళ్లే లైను మరొకటి ఉంటుంది, అసలు ఇరుకు ఎక్కువగా అక్కడే. రాత్రి ఎనిమిది నుంచి పదకొండు దాకా ప్రతి ఇంట్లోనూ విడి ప్రవాహాలు నడిస్తే ఆ లైను నిండిపోతుంది. ఏ వెబ్‌సైట్‌నూ ఏ వీడియోనూ ఎంచి మరీ నెమ్మది చేయకూడదని 2018లో కేంద్రం నెట్ న్యూట్రాలిటీ షరతులను లైసెన్సుల్లోకి తెచ్చింది. కంపెనీలు తప్పే చేయవని నేను అనడం లేదు. చాలినంత లైను వేయకుండా కనెక్షన్లు అమ్ముకుంటూ పోవడం తప్పే, దాన్ని గట్టిగా నిలదీయాలి. కానీ లేని కుట్రను తిడుతూ కూర్చుంటే ఈ అసలు తప్పు తప్పించుకుపోతుంది.

పెద్ద ప్లాన్ సంగతి చూడండి. పూర్తి హెచ్‌డీకి 5 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు), అంతకన్నా స్పష్టమైన 4కెకు 15 ఎంబీపీఎస్ ఉంటే చాలని నెట్‌ఫ్లిక్స్ స్వయంగా చెబుతోంది. 50 ఎంబీపీఎస్ ప్లాన్ ఉన్న ఇంట్లో మూడు హెచ్‌డీ టీవీలు ఒకేసారి నడిచినా 15 దాటదు. ఇరుకు ఊరి బయటి లైనులో ఉన్నప్పుడు 300 ప్లాన్ వాడూ, 50 ప్లాన్ వాడూ అదే ఇరుకులో నిలబడాలి. నెలవారీ డేటా అయిపోయిందేమోనన్న భయం కూడా చాలామందికి ఉంది. 5 ఎంబీపీఎస్ వీడియో గంటకు సుమారు రెండుంబావు జీబీ తింటుంది. చాలా ప్లాన్లలో ఉండే 3300 జీబీ పరిమితి ముగియాలంటే రెండు టీవీలు నెలంతా రాత్రింబవళ్లు ఆపకుండా నడవాలి. చిన్న ప్లాన్లలో పరిమితి తక్కువ ఉండవచ్చు, మీ ప్లాన్ కాగితం ఒకసారి చూసుకోండి.

చేయాల్సిన పని సులువు. అదే సినిమాను మధ్యాహ్నం మూడింటికీ, రాత్రి తొమ్మిదింటికీ పెట్టి చూడండి. రాత్రి మాత్రమే ఆగుతుంటే రెండు మూడు రోజులు సమయాలు రాసి పెట్టుకుని ఫిర్యాదు చేయండి, ఫిర్యాదు నంబరు అడిగి తీసుకోండి. "నెట్ సరిగా రావడం లేదు" అంటే రౌటర్ ఆపి పెట్టమని చెప్పి ఫోన్ పెట్టేస్తారు. "పగలు బాగుంది, రాత్రి తొమ్మిదికి వైరుతో కలిపిన టీవీలో కూడా ఆగుతోంది" అంటే అలా తప్పించుకోలేరు. తేల్చకపోతే కంపెనీలోనే అప్పీలు చేసుకునే అధికారి ఉంటారు. 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ కూడా ఉంది.

వైరుతో కలిపిన టీవీ అని ఎందుకన్నానంటే, "స్పీడ్ టెస్టులో 100 వస్తే ఇంట్లో లోపం లేదు" అన్న మాటకు జవాబు అందులోనే ఉంది. ఆ టెస్టు ఎక్కడ చేశారు? రౌటర్ పక్కన నిలబడి, ఫోన్లో. టీవీ ఉన్నది రెండు గోడల అవతల. టెస్టు సాధారణంగా దగ్గర్లోని సర్వరుతో కొద్ది సెకన్లు మాట్లాడి లెక్క చెబుతుంది. సినిమా వేరే సర్వరు నుంచి రెండున్నర గంటలు తెంపు లేకుండా రావాలి. మాగుంట లేఅవుట్‌లో ఏ ఫ్లాట్‌లోనైనా ఫోన్ తీసి వైఫై జాబితా చూడండి, పేర్లు పైకి జరుపుతుంటే వస్తూనే ఉంటాయి. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల్లో ఒకదానికొకటి అడ్డుపడని దారులు (వీటినీ చానళ్లనే అంటారు, టీవీ చానళ్లు కావు) మూడే, 1, 6, 11. అన్ని రౌటర్లూ ఆ మూడింటి కోసమే పెనుగులాడుతుంటాయి. 5 గిగాహెర్ట్జ్‌లో రద్దీ తక్కువ, కానీ గోడలు దాటే సత్తువ కూడా తక్కువే. దానికి తోడు రౌటర్‌ను ఇనుప బీరువా మీదో, టీవీ వెనకో దాచేస్తాం. ఒక్క సాయంత్రం ల్యాన్ వైరు తెచ్చి రౌటర్ నుంచి టీవీకి నేరుగా పెట్టండి. సినిమా ఆగకపోతే లోపం మీ వైఫైలో. అప్పటికీ ఆగితే లోపం బయట ఉండే అవకాశమే ఎక్కువ. టీవీల్లో ల్యాన్ పోర్టు చాలావరకు 100 ఎంబీపీఎస్‌దే, 4కెకు కూడా అది ధారాళంగా సరిపోతుంది.

"వానాకాలంలో ఆగడం మామూలే." డిష్ రోజుల నుంచి మిగిలిపోయిన నమ్మకం ఇది. ఆకాశం నుంచి వచ్చే సిగ్నల్‌ను జోరువాన మింగేస్తుంది, నిజమే. ఫైబర్‌లో వచ్చేది గాజు తీగలో వెలుగు, దానికి వానతో పని లేదు. అయితే కార్తీకం, మార్గశిరం వచ్చాయంటే మన తీరానికి వాయుగుండాలు తప్పవు. ఏపీ ఫైబర్‌నెట్ సహా మన దగ్గర చాలా ఫైబర్ విద్యుత్ స్తంభాల మీదుగానే వెళుతుంది. గాలికి వైరు జారి మడత పడుతుంది, జాయింటు డబ్బాలో నీళ్లు చేరతాయి. గాజు తీగ బాగా వంగితే వెలుగు పక్కకు కారిపోతుంది. అది ఓర్చుకోవాల్సినది కాదు, బాగు చేయించుకోవాల్సినది. ఇంట్లోని ఫైబర్ పెట్టెలో ఎల్ఓఎస్ అన్న దీపం ఎర్రగా ఉంటే వెలుగు రావడం లేదు, లేదా చాలినంత రావడం లేదు. దీపం బాగానే ఉన్నా వీడియో తెగుతుంటే, వచ్చిన అబ్బాయిని మీటరు పెట్టి రీడింగు చూపించమనండి. వెలుగు బలాన్ని చూపే ఆ అంకె (డీబీఎంలలో) మైనస్ 27 దరిదాపుల్లో ఉంటే లైను తెగే అంచు మీద నడుస్తోందని అర్థం. మైనస్ 20 చుట్టుపక్కల ఉంటే నిశ్చింత. వీధిలోనే వెతకనక్కర్లేదు, సోఫా జరిపినప్పుడు దాని కాలి కింద నలిగిన సన్నటి పసుపు వైరు కూడా ఇదే పని చేస్తుంది.

డీఎన్ఎస్ చేసే పని సైటు పేరుకు చిరునామా వెతికి ఇవ్వడమే. చిరునామా దొరికాక వీడియో ముక్కలు వచ్చే దారిలో దానికి పాత్ర లేదు, కాబట్టి దాన్ని మారిస్తే లైను వేగం రెట్టింపు కాదు. ఆపరేటర్ ఇచ్చిన బాక్సులో అయితే దీన్ని అసలు ముట్టుకోవద్దు. వాళ్ల సినిమా సర్వర్ల పేర్లు వాళ్ల సొంత డీఎన్ఎస్‌కు మాత్రమే తెలిసి ఉండవచ్చు. అలాంటప్పుడు 8.8.8.8 పెట్టగానే ఉన్న సినిమాలు కూడా మాయమవుతాయి. మార్చినవాళ్లు తిరిగి ఆటోమేటిక్‌కు పెట్టుకోండి.

వారానికోసారి ఫ్యాక్టరీ రీసెట్ సలహా చదివినప్పుడు నాకు నిజంగా కోపం వచ్చింది. రీసెట్ అంటే లాగిన్లన్నీ చెరిగిపోతాయి. మళ్లీ పెట్టాలంటే పాస్‌వర్డు గుర్తుండదు, ఓటీపీ బెంగళూరులోనో అమెరికాలోనో ఉన్న అబ్బాయి ఫోనుకు వెళుతుంది. అతను నిద్ర లేచేదాకా ఇక్కడ తల్లిదండ్రులు నల్లటి తెర ముందు కూర్చోవాలి. రౌటర్‌ను రీసెట్ చేస్తే మరీ ఘోరం. కనెక్షన్ యూజర్ నేమ్, ఆపరేటర్ పెట్టిన సెట్టింగులు పోయి, మనిషి వచ్చేదాకా నెట్టే ఉండదు. స్విచ్ ఆపి మళ్లీ వేయడం వేరు, రీసెట్ వేరు. ఒక్క యాపే మొరాయిస్తుంటే ఆ యాప్ కాష్ (తాత్కాలికంగా దాచుకున్న ఫైళ్లు) తీసేయండి, లాగిన్ పోదు. డేటా తీసేయమన్న మీట పక్కనే ఉంటుంది, దాన్ని నొక్కితే లాగిన్ పోతుంది. 8 జీబీ నిల్వ ఉన్న బాక్సులు తొందరగా నిండిపోతాయి, వాడని యాప్‌లు తీసేస్తే సగం బాధ తీరుతుంది.

ఇక ఆ బూస్టర్ యాప్. బయటి లైను వేగాన్ని పెంచే యాప్ అంటూ ఏదీ ఉండదు, ఉండే వీలే లేదు. ప్లే స్టోర్‌లో కాకుండా లింకులో వచ్చే ఇలాంటి యాప్‌కు ఫోన్లో మెసేజ్‌లు చదివే అనుమతి ఇచ్చారంటే మీ బ్యాంకు ఓటీపీలు కూడా అది చదువుతుంది. ఇప్పటికే వేసుకున్నవాళ్లు ఫోన్లో నెట్ ఆపి, ఆ యాప్ తీసేసి, వేరే ఫోన్ నుంచి బ్యాంకు పాస్‌వర్డులు మార్చుకోండి. డబ్బు పోయినట్టు కనబడితే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. గ్రూపు అడ్మిన్లు ఆ సందేశాన్ని అందరికీ కనబడకుండా తొలగించి, లింకు ఎవరైనా నొక్కారేమో పేరుపేరునా అడగండి. ముఖ్యంగా గ్రూపులో ఎప్పుడూ మాట్లాడని పెద్దవాళ్లకు ఫోన్ చేసి అడగండి.