కోర్టు మామూలు గారికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన మామూలు గారికి,
వేపచెట్టు కింద టీ కొట్టు, కోర్టు కాంపౌండు.

నమస్కారమండీ. మీకు రోజుకి ఎంతమందో తగుల్తారు కాబట్టి నేను గుర్తుండకపోవచ్చు, నాకు మాత్రం మీరు బాగా గుర్తు. 2016 వేసవిలో మా నాన్న మా బాబాయి మీద రెండెకరాల నలభై సెంట్ల కోసం పార్టిషన్ దావా వేసిన రోజు, ప్లీడరు గుమాస్తా గారి వేళ్ల మధ్య నాలుగు మడతలు పడ్డ వంద నోటుగా మొదటిసారి దర్శనమిచ్చారు. ఆ తర్వాత జీఎస్టీ వచ్చింది, కరోనా వచ్చి పోయింది, ఆ సీట్లో నలుగురు జడ్జీలు మారారు, మా బాబాయి చిన్నకొడుక్కి పెళ్ళయి ఇద్దరు పిల్లలు కూడా పుట్టారు, మీరు మాత్రం చెక్కు చెదరలేదు. కాకపోతే వంద కాస్తా ఐదొందలయ్యారు. మధ్యలో నోట్ల రద్దప్పుడు ఒక పదిహేను రోజులు మీరు కనపడకపోయేసరికి మా నాన్న నిజంగానే కంగారు పడ్డాడు, కేసు గానీ కొట్టేశారేమో అని.

అసలు మీ పేరు పెట్టినోడికి దండం పెట్టాలండీ. అరబ్బీలో పుట్టి ఉర్దూ మీదుగా మన దగ్గరికొచ్చిన మాటంట, ఆనవాయితీ అని అర్థం. లంచం అంటే చెవులు రిక్కించి చూస్తారు, మామూలు అంటే ఎవడూ తల కూడా తిప్పడు. మొదటి వాయిదాకి వెళ్ళినప్పుడు నేను అమాయకంగా "ఏమండీ, ఇక్కడ మామూళ్లు ఏమన్నా ఇవ్వాలా" అని అడిగితే గుమాస్తా గారు చుట్టూ చూసి "అబ్బే, మన కోర్టులో అట్లాంటివేం లేవు బాబూ, మామూలే" అన్నాడు. ఆ వాక్యం అర్థం కావడానికి నాకు మూడు వాయిదాలు పట్టింది.

మా నాన్నకి ఖర్చులు రాసుకునే పొడుగు పుస్తకం ఒకటుంది. ప్లీడరు ఫీజు, కోర్టు ఫీజు, బత్తా (సమన్లు పంపడానికి కట్టే డబ్బు), జిరాక్సు, బస్సు చార్జీ, ఇడ్లీ, అన్నీ రాస్తాడు. మిమ్మల్ని మాత్రం "కో.మా." అని రాసేవాడు. కోర్టు మామూలు అని పూర్తిగా రాస్తే రేప్పొద్దున ఆ పుస్తకం ఎవరికంటైనా పడితే తప్పుగా ఉంటుందని. మా అమ్మ చాలాకాలం కో.మా. అంటే కోడిమాంసం అనుకుని, ఈయన టౌనుకెళ్ళినప్పుడల్లా ఒక్కడే తినొస్తున్నాడని గొడవ పెట్టుకుంది.

మీ ప్రతిభ నాకు పూర్తిగా తెలిసొచ్చింది సమన్ల దగ్గర. దావా వేశాక బాబాయికి సమన్లు వెళ్ళాలి కదా, బత్తా కట్టాం, సమన్లు అందజేసే కోర్టు ఉద్యోగి అమీనా గారు బండేసుకుని మా ఊరొచ్చారు. ఇక్కడ మీకో విషయం చెప్పాలి, మాదీ బాబాయిదీ ఒకటే ఇల్లు, తాతయ్య కట్టించిన పెంకుటిల్లు, మధ్యలో గోడ పెట్టుకుని చెరో వాటాలో ఉంటాం. అమీనా గారు వచ్చేటప్పటికి బాబాయి అరుగు మీద కూర్చుని పేపర్ చదువుతున్నాడు. ఇద్దరూ పావుగంట మాట్లాడుకున్నారు, పిన్ని కాఫీ ఇచ్చింది, ఆయన గ్లాసు అక్కడ పెట్టి వెళ్ళిపోయాడు. వాయిదా రోజున చూస్తే సమన్లు తిరుగుటపా, దాని వెనక నీట్‌గా రాసుంది: ఇంటికి తాళం వేసి ఉన్నది, ఇరుగుపొరుగు వారిని విచారించగా ప్రతివాది ఊరిలో లేడని చెప్పినారు. అయ్యా, ఆ తలుపుకి గొళ్ళెమే తప్ప తాళం వేసే ఏర్పాటే లేదు, తాతయ్య టైం నుంచీ లేదు. పైగా ఆ ఇరుగుపొరుగు ఎవరయ్యా అంటే మేమే, వాదులం!

అప్పుడు గుమాస్తా గారు గొంతు తగ్గించి "వాళ్లు చూసుకున్నారు బాబూ, మనం కూడా ఆయన పెట్రోల్ సంగతి చూసుకోవాలి" అన్నాడు. చూసుకున్నాం. తర్వాతి వారం మళ్ళీ అదే అమీనా, అదే అరుగు, అదే బాబాయి, ఈసారి ఊళ్లోనే ఉన్నాడు, తాళం కూడా లేదు, సంతకం పెట్టి తీసుకున్నాడు. పిన్ని ఈసారి కాఫీ ఇవ్వలేదు.

ఆ రోజే నాకు మీ మీద గౌరవం పెరిగింది. జడ్జీల నడవడిక గురించి బెంగళూరు సూత్రాలని ఉన్నాయి, 2001లో మన బెంగళూరులోనే డ్రాఫ్ట్ రాసి తర్వాతేడాది హేగ్‌లో ఖరారు చేశారు, అందులో ఆరు విలువలు చెప్పారు. చదువుతుంటే ఒక్కొక్కటీ మీ ఫొటో చూసి రాసినట్టే ఉంది. నిష్పాక్షికత అన్నారు, మీరు వాది దగ్గరా తీసుకుంటారు ప్రతివాది దగ్గరా తీసుకుంటారు, ఎవరి మీదా ద్వేషం లేదు. సమానత్వం అన్నారు, మీ దగ్గర కులం లేదు మతం లేదు, రెండొందలకి ఎవరిచ్చినా రెండొందల పనే. సామర్థ్యం, శ్రద్ధ అన్నారు, మీరు చెయ్యేస్తే మూడు వారాలు కనపడని ఫైలు మూడు నిమిషాల్లో బెంచి క్లర్కు గారి మోచెయ్యి కిందే దొరుకుతుంది. స్వతంత్రత సరేసరి, మీరు ఎవరి మాటా వినరు. ఒక్క నిజాయితీ దగ్గరే చిన్న పేచీ.

మీకు రూల్స్ లేవని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. బెంచి క్లర్కుకీ అటెండరుకీ 1964 నాటి సివిల్ సర్వీసుల కండక్ట్ రూల్స్ ఉన్నాయి. క్లర్కు అయితే ఏటా ఆస్తుల లెక్క కూడా ఇవ్వాలి, కాకపోతే ఆ ఫారంలో మీకంటూ ఒక కాలమ్ లేదు, అది మీకు జరిగిన అన్యాయమే. పై మెట్టు మీద వాళ్లకి 1997 మే 7న సుప్రీంకోర్టు జడ్జీలంతా ఫుల్ కోర్టుగా కూర్చుని 16 పాయింట్లతో ఒక కాగితం రాసుకున్నారు, ఇంట్లోవాళ్లూ దగ్గరి బంధువులూ స్నేహితులూ తప్ప ఎవరి దగ్గరా గిఫ్టులు తీసుకోకూడదని, లాయర్లతో మరీ రాసుకుపూసుకు తిరగకూడదని. 2025 మార్చిలో ఢిల్లీలో ఒక హైకోర్టు జడ్జి గారి బంగ్లాలో మంటలు రేగి స్టోర్ రూములో కాలిన నోట్లు కనపడ్డాయని దేశమంతా గోల అయింది, ఆ డబ్బు నాది కాదన్నారాయన, సరే ఆ పెద్దల సంగతి పెద్దలు తేల్చుకుంటారు. ఆ వెంటనే ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు జడ్జీలు తమ ఆస్తుల వివరాలు వెబ్‌సైట్‌లో పెడతామని తీర్మానం చేసుకుని మేలో పెట్టారు కూడా. మంచిదే. కానీ మా నాన్నలాంటోడికి ఈ పదేళ్లలో పైనున్న జడ్జి గారితో మాట్లాడే పనే పడలేదండీ. ఆయనకి న్యాయస్థానం అంటే గుమ్మం దగ్గర నిలబడ్డ అటెండరు, బల్ల వెనక బెంచి క్లర్కు, కాపీల కిటికీ, అమీనా బండి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు, మా కేసులో దేవుడు రెండు మూడేళ్లకోసారి ట్రాన్స్‌ఫర్ అవుతాడు, పూజారే పర్మనెంటు.

అటెండరు గారు కేకేసే పద్ధతి గురించి చెప్పకపోతే ఈ ఉత్తరం అసంపూర్తి. పొద్దున పదిన్నరకి కాల్ వర్క్, అంటే కేసుల పిలుపు మొదలవుతుంది, వరండా నిండా జనం, అందరూ ఒకేసారి మాట్లాడుతుంటారు. మేము మిమ్మల్ని మర్చిపోయిన రోజున మా నాన్న పేరుని ఆయన ఎలా పిలిచాడంటే పక్కన కూర్చున్న పెళ్ళాంతో గుట్టుగా ఏదో చెబుతున్నట్టు పిలిచాడు. మేం స్తంభం పక్కనే ఉన్నాం, వినపడలేదు. లోపల "పార్టీ గైరుహాజరు" అన్నారు, మా ప్లీడరు గారు పరిగెత్తి చెప్పుకుంటే సరిపోయింది గానీ లేకపోతే దావా డిస్మిస్ అయ్యేదే. "మూడుసార్లు పిలిచానండీ" అన్నాడాయన, నిజమే, మూడుసార్లు గొణిగాడు. మీరు వెళ్ళి పలకరించాక తర్వాతి వాయిదాకి అదే గొంతు బస్టాండు దాకా వినపడింది, నాన్న పేరు ముందు శ్రీ కూడా చేర్చాడు. సౌండ్ సిస్టం పెట్టిస్తామని బార్ అసోసియేషన్ లాయర్లు ఎప్పట్నుంచో అంటున్నారంట, ఎందుకండీ, వాల్యూం బటన్ మీ దగ్గరుండగా.

ఒక్క విషయంలో మీ మర్యాదకి మెచ్చుకోవాలి. ఇన్నేళ్లలో మిమ్మల్ని ఇమ్మని ఒక్కడంటే ఒక్కడు నోరు తెరిచి అడగలేదు. ఫైలు కనపడట్లేదంటారు, సర్వర్ స్లోగా ఉందంటారు, ఇంకు అయిపోయిందంటారు, ఫ్యాన్ వైపు చూస్తారు. అడిగితే కదా నేరం అని వాళ్ల ధీమా. ఏసీబీ వాళ్లు నోట్లకి ఫినాఫ్తలీన్ పొడి రాసి పంపిస్తారని, తీసుకున్నోడి చేతులు వాషింగ్ సోడా నీళ్లలో ముంచితే గులాబీ రంగు వస్తుందని అందరికీ తెలిసిపోయాక ఇప్పుడు చేతులు కూడా చాచట్లేదు, "ఆ రిజిస్టరులో పెట్టెయ్యండి" అంటారు. రిజిస్టరుకి చేతులుండవు కదా.

మీరు కాలంతో పాటు మారాలని ప్రయత్నించిన మాట కూడా వాస్తవం. 2022 చివర్లో అలహాబాద్ హైకోర్టులో ఫైళ్ల కట్టలు మోసే ఉద్యోగి ఒకాయన నడుముకి పేటీఎం క్యూఆర్ కోడ్ తగిలించుకుని లాయర్ల దగ్గర టిప్పులు తీసుకుంటుంటే ఆ ఫొటో ఊరంతా తిరిగి చీఫ్ జస్టిస్ గారు సస్పెండ్ చేశారు. నాకైతే జాలేసింది. కోర్టుల్ని కంప్యూటర్లోకి ఎక్కించే ఈకోర్ట్స్ పథకం మూడో ఫేజుకి కేంద్రం 7,210 కోట్లు ఇచ్చింది, కేసు నంబరు కొడితే వాయిదా ఫోన్లో కనపడుతుంది, అన్నీ డిజిటల్ అవుతుంటే పాపం ఆయన మిమ్మల్ని కూడా చేద్దామనుకున్నాడు. తప్పు ఎక్కడ జరిగిందంటే మిమ్మల్ని అందరికీ కనపడేట్టు పెట్టాడు. మావాళ్లు తెలివైనోళ్లు, బామ్మర్ది నంబరుకి కొట్టమంటారు.

ఇంతకీ ఇదంతా రాస్తూ నేనేదో కడిగిన ముత్యం అనుకోవద్దు. 2018లో అవినీతి నిరోధక చట్టం మార్చారు, తీసుకున్నోడే కాదు ఇచ్చినోడికీ ఏడేళ్ల దాకా శిక్ష పడొచ్చు, బలవంతంగా ఇవ్వాల్సొస్తే ఏడు రోజుల్లోపు చెప్పుకుంటే మినహాయింపు. మా నాన్న పొడుగు పుస్తకంలో కో.మా.లు లెక్కపెట్టా, అరవై ఏడు. ఒక్కదాని గురించి కూడా ఏడు రోజుల్లో ఎవరికీ చెప్పలేదు. పైగా బాబాయి ఇచ్చినప్పుడు లంచం అన్నాం, మేం ఇచ్చినప్పుడు పెట్రోల్ అన్నాం. ఆ అమీనా బండికి నిజంగానే పెట్రోలు ఎవరు పోస్తున్నారు, ముగ్గురు చేయాల్సిన పని ఆయనొక్కడే ఎందుకు చేస్తున్నాడు అనేది వేరే కథ, నాకు ఆయన మీద కోపం కూడా పూర్తిగా రాదు. వచ్చేదల్లా ఆ తాళం గురించే.

చివరికి మొన్నీమధ్యే ఎవరి వాటా ఎంతో తేల్చే ప్రిలిమినరీ డిక్రీ వచ్చింది. సర్టిఫైడ్ కాపీ కోసం అప్లికేషన్ పెట్టడానికి నేనూ నాన్నా వెళ్ళాం. కాపీ సెక్షన్లో కొత్తగా వచ్చిన అమ్మాయి, పాతికేళ్లుంటాయేమో, టిఫిన్ బాక్సు పక్కన పెట్టుకుని టైపు చేస్తోంది. నాన్న అలవాటు ప్రకారం అప్లికేషన్ మడతలో రెండొందలు పెట్టి ఇచ్చాడు. ఆ అమ్మాయి విప్పి చూసి, నోటు తీసి, కిటికీలోంచి వెనక్కిచ్చి "ఇది మీది పడిపోయింది బాబాయ్ గారూ, స్టాంపులు ఎన్ని కావాలో బోర్డు మీద లిస్టు పెడతాం, చూసుకుని కట్టండి" అంది. గొంతు పెంచలేదు, క్లాసు పీకలేదు, మళ్ళీ టైపు చేసుకుంటోంది. నాన్నకి అర్థం కాలేదు. బయటికొచ్చి గుమాస్తా గారితో "తక్కువైందేమోనయ్యా" అన్నాడు. ఆయన మొహం మాడ్చుకుని "ఆ అమ్మాయి అంతేనండి, ఎక్కువ కాలం ఉండదులే ఇక్కడ" అన్నాడు.

బోర్డు మీద లిస్టు పెట్టారు. స్టాంపులు కట్టాం. చెప్పిన రోజుకి వెళ్తే కాపీ తయారుగా ఉంది, సంతకం పెట్టించుకుని ఇచ్చేసింది. బస్సులో కూర్చున్నాక నాన్న దాన్ని తీసి వెలుగుకి ఎత్తి చూశాడు, సీలు మీద వేలు రాసి చూశాడు, పేజీలు లెక్కపెట్టాడు. కాసేపాగి నా వైపు తిరిగి "ఒరే, ఏమీ ఇవ్వకుండా ఇచ్చింది కదా, ఇది చెల్లుతుందంటావా?" అన్నాడు.

చెల్లుతుందని చెప్పాను. నమ్మలేదు. అందుకే మామూలు గారూ, మీరు మా ఇంటి నుంచి ఇంకా ఖాళీ చెయ్యలేదు, ఆ వాటాల ప్రకారం భూమి పంచే ఫైనల్ డిక్రీకి పిటిషన్ వేసేటప్పుడు ఎవరైనా అడిగితే ఉండాలని ఆ రెండొందల నోటునలా డిక్రీ కాపీ వెనకాలే గుండుసూదితో గుచ్చి పెట్టాడు.

ఇట్లు,
ఓ.ఎస్. (ఒరిజినల్ సూట్) వాది గారి పెద్దబ్బాయి