‘డెస్క్‌టాప్ సైట్’ టిక్కు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ టిక్కు గారి సముఖానికి,
క్రోమ్ బజారు, మూడు చుక్కల సందు.

ఉభయకుశలోపరి. తమరి క్షేమం అడగక్కర్లేదు. హాల్ టికెట్ల సీజన్, వెబ్ ఆప్షన్ల సీజన్, స్కాలర్‌షిప్ రెన్యువల్ సీజన్, ఏది వచ్చినా యూట్యూబ్ నిండా తమరి నామస్మరణే. “పైన మూడు చుక్కలు కనిపిస్తున్నాయి కదా ఫ్రెండ్స్, దాని మీద క్లిక్ చేసి కిందకి వస్తే డెస్క్‌టాప్ సైట్ అని ఉంటుంది, టిక్ పెట్టేసుకోండి.” గణపతి పూజ కాకుండా వ్రతం మొదలవనట్టు, ఇది కాకుండా అప్లికేషన్ మొదలవదు. జనం చేతుల్లో ఉన్నది ఫోన్లు. సైట్ తెరవాలంటే మాత్రం ముందు అది ఫోనే కాదని బుకాయించాలి. ఆ బుకాయింపు శాఖకి తమరే మంత్రి.

తమరి మహిమ ఏమిటో చాలామందికి తెలీదు, కాస్త విప్పి చెప్తాను. టిక్ పడగానే ఆండ్రాయిడ్ క్రోమ్ రెండు పనులు చేస్తుంది. సర్వర్‌కి పంపే, తనెవరో చెప్పుకునే ‘యూజర్ ఏజెంట్’ వాక్యంలోంచి ‘ఆండ్రాయిడ్’, ‘మొబైల్’ అన్న మాటలు లేపేసి, లినక్స్ కంప్యూటర్‌నని పరిచయం చేసుకుంటుంది. ఆ పైన పేజీ వెడల్పు 980 పిక్సెల్స్ అనుకుని అంతా పరిచి, దాన్ని తెరకి సరిపడేలా నొక్కేస్తుంది. మామూలు ఫోన్ వెడల్పు సీఎస్ఎస్ (పేజీ రూపాన్ని తీర్చే భాష) లెక్కలో 360 చిల్లర. అంటే ప్రతిదీ మూడో వంతు చిల్లరకి కుంచించుకుపోతుంది. 16 పిక్సెల్స్ అక్షరం 6 అవుతుంది. 36 ఎత్తున్న బటన్ 13 అవుతుంది. వేలు పట్టాలంటే 48 ఉండాలని గూగుల్ అంటుంది, 44 అని యాపిల్ అంటుంది. తమరు 13 ఇచ్చి, రెండు వేళ్లతో సాగదీసుకోమంటారు.

ఈ 980 అంకె తమరిది కూడా కాదు. 2007లో ఐఫోన్ వచ్చినప్పుడు సైట్లన్నీ కంప్యూటర్ కొలతకే ఉండేవి కాబట్టి సఫారీ పెట్టుకున్న సర్దుబాటు అది. దాన్ని తప్పించడానికే, ఫోన్ ఎంత వెడల్పో పేజీ అంతే అని కోడ్‌లో చెప్పే వ్యూపోర్ట్ అనే మెటా ట్యాగ్ పుట్టింది: విడ్త్ ఈజ్ ఈక్వల్ టు డివైస్-విడ్త్, కామా, ఇనిషియల్-స్కేల్ 1. ఒకే ఒక్క లైను. అది లేని సైట్ ఫోన్‌లో ఎలాగూ 980 వెడల్పుతోనే తెరుచుకుంటుంది. అక్కడ తమరిని నొక్కినా, నొక్కకపోయినా కనిపించేది దాదాపు అదే. అయినా క్రెడిట్ తమరికే.

తమరికి అసలు గిరాకీ తెచ్చిపెట్టేది ట్యాగ్ ఉన్న సైట్లే. డిజైనర్ 1440 వెడల్పులో తొమ్మిది కాలమ్‌ల టేబుల్ గీశాడు. ఫోన్‌లో పట్టలేదు. తెర చిన్నదైతే వేరే రూపమిచ్చే మీడియా క్వెరీ రాసి, ఆరు కాలమ్‌లకి ‘డిస్‌ప్లే నన్’ కొట్టి మాయం చేశాడు. ‘ప్రింట్’ బటన్ ఆ ఆరింట్లో ఉంది. ఇక జనం ఏం చేస్తారు, తమరి గుమ్మం తొక్కుతారు. టేబుల్ చుట్టూ ఒక డబ్బా కట్టి ‘ఓవర్‌ఫ్లో-ఎక్స్ ఆటో’ ఇచ్చి, మొదటి కాలమ్‌ని ‘స్టికీ’ చేసి ఉన్నచోటే నిలబెడితే, పేజీ కదలకుండా టేబుల్ మాత్రం పక్కకి జరుగుతుంది. అరగంట పని.

ఇంకో రకం: కిందున్న సబ్మిట్ బటన్ మాయం. పాపప్‌కి ఎత్తు 100 వీహెచ్, అంటే తెర ఎత్తంతా, ఇచ్చారు, వెనక పేజీ స్క్రోల్ కాకుండా బిగించేశారు. ఫోన్ బ్రౌజర్‌లో ఆ 100 అంటే అడ్రస్ బార్ ముడుచుకుపోయినప్పటి ఎత్తు. బార్ కనిపిస్తున్నంతసేపూ బటన్ తెర కిందే ఉంటుంది. దీనికోసమే 2022 నుంచి, బార్‌ని బట్టి మారే డీవీహెచ్ అనే కొలత సఫారీ, క్రోమ్ రెండింట్లోనూ ఉంది, ఒక్క అక్షరం కలిపితే చాలు. కలపరు. తమరున్నారుగా!

ఫారాల సంగతికి వస్తే తమరి మీద నేరుగా ఒక ఫిర్యాదు. టిక్ పెట్టగానే పేజీ మళ్లీ లోడవుతుంది. పేరు, తండ్రి పేరు, ఆధార్ పన్నెండు అంకెలు, చిరునామా అన్నీ కొట్టి, సబ్మిట్ కనిపించక, చివరికి తమరిని ఆశ్రయిస్తే, తమరు చేసే మొదటి ఉపకారం నింపిందంతా తుడిచిపెట్టడం. పాపం, తమరొక్కరినే అనడం ధర్మం కాదు. ర్యామ్ తక్కువున్న ఫోన్‌లో ఓటీపీ చూద్దామని మెసేజ్‌ల్లోకి వెళ్లొచ్చేసరికి బ్రౌజర్ ట్యాబ్‌ని చంపేస్తుంది, ఫారం మళ్లీ ఖాళీ. ఒక్కో మెట్టూ డ్రాఫ్ట్‌గా సేవ్ చేస్తే ఈ గోల ఉండదు. ఓటీపీ గడికి ఆటోకంప్లీట్‌లో ‘వన్-టైమ్-కోడ్’ అని రాస్తే ఐఫోన్ కీబోర్డ్ పైనే అంకెలు చూపిస్తుంది, బయటికి వెళ్లే పనే లేదు. ఆధార్‌కి, పిన్‌కోడ్‌కి ‘ఇన్‌పుట్‌మోడ్ న్యూమరిక్’ ఇస్తే అంకెల కీబోర్డే వస్తుంది. గడిలో అక్షరం 16 పిక్సెల్స్‌కి తగ్గితే ఐఫోన్ సఫారీ తనంతట తనే జూమ్ చేసి పేజీని పక్కకి లాగేస్తుంది. దాన్ని ఆపడానికి కొందరు మేధావులు ‘యూజర్-స్కేలబుల్ నో’ అని రాస్తారు. 16 చేస్తే పోయేదానికి, కళ్లు సరిగ్గా ఆనని పెద్దవాళ్ల జూమ్‌కి తాళం వేయడం! ఐఫోన్ 2016 నుంచి ఆ తాళాన్ని ఖాతరు చేయట్లేదు. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో మాత్రం మామూలుగా ఇంకా చెల్లుతోంది.

తెలుగు సైట్ల దగ్గర తమరి మహిమ అస్సలు పనిచేయదు. డిజైన్ ఇంగ్లిష్‌లో గీస్తారు, లైను ఎత్తు అక్షరానికి 1.2 రెట్లు పెడతారు, పెట్టెకి ఇంతే ఎత్తని బిగించి, పట్టనిది కనపడకుండా ‘ఓవర్‌ఫ్లో హిడెన్’ కొడతారు. తర్వాత అందులో తెలుగు పోస్తారు. ‘రాష్ట్రం’ అన్న మాటలో ష కింద ట వత్తు, దానికి తోడు ర వత్తు. కింద చోటు లేక రెండూ తెగిపోతే తెర మీద మిగిలేది ‘రాషం’. ‘సబ్మిట్’ కొలతకి కోసిన బటన్‌లో ‘సమర్పించండి’ పడితే ‘సమర్పిం’ దగ్గర ఆగిపోతుంది. ఎత్తు, వెడల్పు బిగించకుండా చుట్టూ కాస్త ఖాళీ (ప్యాడింగ్) ఇచ్చి, లైను ఎత్తు 1.6 దాకా పెంచితే పోయే జబ్బు. తమరొచ్చి ఆ తెగిన వత్తుని మూడో వంతుకి తగ్గిస్తారు, అంతే.

మొబైల్ చూసుకోకపోతే ఏం కొంప మునిగిందని అడిగే యజమానులకి ఒక కబురు. గూగుల్ 2024 జులై నుంచి సైట్లని ఫోన్ వేషంలో వచ్చే రోబోతోనే చదువుతోంది. ఫోన్‌లో అసలు తెరుచుకోని సైట్ వెతుకులాటలోకే రాదు. ఆ రోబోకి మూడు చుక్కలు నొక్కడం రాదు. యూట్యూబ్ వీడియో చూపించినా నేర్చుకోదు.

సైట్ కట్టేవాళ్లు పరీక్షించడం లేదా అంటే, పరీక్షిస్తారు! ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లో డెవలపర్ టూల్స్ తెరిచి, కంట్రోల్ షిఫ్ట్ ఎం నొక్కి, తెర మీదికొచ్చే ఐఫోన్ బొమ్మలో మౌస్‌తో క్లిక్ చేసి, ‘బాగానే ఉంది సార్’ అంటారు. ఆ బొమ్మలో కీబోర్డ్ పైకొచ్చి సగం తెర తినేయదు. బొటనవేలు పక్క బటన్ మీద పడదు. మౌస్ ఆనిస్తే విచ్చుకునే మెనూ వేలికి విచ్చుకుంటుందో లేదో నిజం ఫోన్‌లోనే తేలుతుంది. చవక ఆండ్రాయిడ్ ఒకటి కేబుల్‌తో తగిలించి, యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, కంప్యూటర్ క్రోమ్‌లో ఇన్‌స్పెక్ట్ పేజీ తెరిస్తే ఆ ఫోన్‌లో జరిగేదంతా ఇక్కడ కనిపిస్తుంది. అంత శ్రమ ఎవరు పడతారు? తమరి చిరునామా ఇచ్చి పంపేయడం తేలిక. సైట్‌లోనే ‘డెస్క్‌టాప్ మోడ్‌లో చూడగలరు’ అని ఎర్రక్షరాల్లో స్క్రోల్ చేయించే ప్రబుద్ధులూ ఉన్నారు. ఆ స్క్రోలింగ్ మాత్రం ఫోన్‌లో చక్కగా నడుస్తుంది.

తమరికి న్యాయంగా దక్కాల్సిన పనులు లేకపోలేదు. ఫోన్‌లో వాట్సాప్ వెబ్ తెరవాలన్నా, సొంత సైట్ పెద్ద తెర మీద ఎలా ఉందో చూసుకోవాలన్నా తమరే దిక్కు. ఐప్యాడ్‌లో అయితే 2019 నుంచి పుట్టుకతోనే టిక్కయి ఉంటున్నారు, పెద్ద తెర కాబట్టి అది చెల్లింది. ఆ ఉద్యోగాలు నిక్షేపంగా చేసుకోండి.

ఇట్లు,
360 పిక్సెల్స్ వెడల్పు గల తెర తరఫున.

తా.క.: పనయ్యాక తమరంతట తమరే దిగిపోవడం నేర్చుకోగలరు. ఇప్పటి క్రోమ్ ఒక సైట్‌కి టిక్ పెడితే గుర్తుపెట్టుకుంటోంది. ఆ సైట్ వాళ్లు బుద్ధొచ్చి మొబైల్‌కి బాగుచేసినా, సెట్టింగ్స్‌లోకి వెళ్లి, సైట్ సెట్టింగ్స్‌లో ‘డెస్క్‌టాప్ సైట్’ తెరిచి పేరు కొట్టేసేదాకా అక్కడ తమరి 980యే కనిపిస్తుంది.