లిఫ్టు బోర్డు ప్రకారం మా చిన్నోడు మనిషే

విషయం సీరియస్, దయచేసి ఎవరూ నవ్వద్దు. మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఒక స్టీలు ప్లేటు ఉంది, దాని మీద 6 మంది, 408 కేజీలు అని ఉంటుంది. ఏళ్ల తరబడి ఎక్కి దిగుతున్నా దాన్ని చదివిన పాపాన పోలేదు నేను. మొన్న సెక్రటరీ గారు "పెంపుడు జంతువులకు లిఫ్టు ప్రవేశం లేదు" అని ఒక కాగితం సరిగ్గా దాని పక్కనే అతికించారు, ఆ కాగితం వైపు కోపంగా చూస్తూ చూస్తూ ప్లేటు చదివాను. 408ని 6తో భాగించండి, 68 వస్తుంది. పక్క బ్లాకులో పెద్ద లిఫ్టు, 8 మంది 544 కేజీలు, భాగించండి, మళ్లీ అదే 68. అంటే మన దేశంలో లిఫ్టుల లెక్కలో మనిషి అంటే 68 కేజీలన్నమాట. కులం అడగరు, గోత్రం అడగరు, ఆధార్ కూడా అడగరు.

అంతకు ముందురోజే చిన్నోణ్ని డాక్టర్ దగ్గర కాటా ఎక్కించాం. ముందు కాళ్లు ఎక్కిస్తే వెనక కాళ్లు దిగిపోతాయి, వెనక కాళ్లు ఎత్తి పెడితే ముందువి దిగిపోతాయి, చివరికి నేనూ కాంపౌండరూ చెరోవైపు పట్టుకుని బీరువా జరిపినట్టు జరిపితే కాటా మీద 68 పడింది. పాయింటు పక్కన 2 ఏదో ఉంది గానీ అది చొంగ బరువై ఉంటుంది. నా బరువు 59. మా ఇంట్లో లిఫ్టు శాఖవారి కొలతలకి సరిగ్గా సరిపోయిన మనిషి ఒక్కడే, వాడికేమో లిఫ్టులోకి ప్రవేశం లేదు. ఇదీ మన వ్యవస్థ.

చిన్నోడు గ్రేట్ డేన్ జాతి కుక్క. డేన్ అన్నారు కదా అని డెన్మార్క్ వాళ్లనుకునేరు, జర్మనీ వాళ్లు. సొంతూళ్లో వీళ్లని డాయిచె డొగ్గె అంటారు, 18వ శతాబ్దంలో బఫన్ అనే ఫ్రెంచి పండితుడు గ్రాండ్ డానువా అని రాసుకున్నాడు, ఇంగ్లీషు వాళ్లు దాన్నే పట్టుకున్నారు, అంతే, ఆధార్ కార్డులో ఇంటిపేరు తప్పు పడ్డట్టు ఇప్పటికీ అలాగే ఉండిపోయింది. మా వాడు భుజం దగ్గర 32 అంగుళాలు, అంటే తల వంచకుండానే వంటగట్టు మీద ఏముందో చూడగలడు. అయినా వీడు నిజంగా చిన్నోడే అని మా ఆవిడ వాదన, ఎందుకంటే అమెరికాలో మిషిగన్‌లో జ్యూస్ (Zeus) అనే గ్రేట్ డేన్ ఉండేది, 2011లో కొలిస్తే 44 అంగుళాలుండి గిన్నిస్ రికార్డుకెక్కింది. వీడు దానికి అడుగు తక్కువ. పాపం, ఎదగలేదు.

పేరు పెట్టింది మా అమ్మ. నలభై ఐదు రోజుల పిల్లప్పుడు చేసంచిలో వచ్చాడు, తల మాత్రం బయటపెట్టి. "చిన్నోడు చిన్నోడు" అని ముద్దు చేసింది. ఆరు నెలలు తిరిగేసరికి ఆ సంచిలో తల కూడా పట్టలేదు గానీ పేరు మార్చడానికి ఎవరికీ మనసొప్పలేదు. ఇప్పుడు వాచ్‌మన్ "చిన్నోడు దిగుతున్నాడు జరగండి" అని కేకేస్తే కొత్తగా వచ్చిన వాళ్లు ఎవరో పసిపిల్లాడనుకుని చేతులు చాపుతారు.

తెచ్చిందెందుకు అంటే సెక్యూరిటీకి. మా వీధిలో ఆ ఏడాది రెండు గొలుసు దొంగతనాలు జరిగాయి, పైగా వీడి తాతముత్తాతలు జర్మనీ అడవుల్లో అడవిపందుల్ని పట్టిన వీరులని చదివి పొంగిపోయాను. ఆ వీరుల వారసుడు ఇప్పుడు కుక్కర్ మూడో విజిల్‌కి మా అమ్మ చీర చాటున దాక్కుంటాడు. మా అమ్మ 44 కేజీలు. దాక్కోవడమంటే తల మాత్రమే చాటున ఉంటుంది, మిగతా 60 కేజీలు హాల్లో ఉంటాయి, కానీ వాడికి కనపడటం లేదు కాబట్టి మనకీ కనపడనట్టే. రాత్రి చీకటంటే భయం, అందుకని హాల్లో లైటు వేసి ఉంచుతాం. దీపావళికి ఇంటిల్లిపాదీ తలుపులేసుకుని బాత్రూమ్‌లో వాడి చుట్టూ కూర్చుంటాం. సెక్యూరిటీ అయితే ఉంది, ఎవరికి ఎవరనేదే తేలలేదు.

కుక్క తోక పట్టుకుని గోదారి ఈదినట్టు అని సామెత పుట్టించిన పెద్దాయన గ్రేట్ డేన్‌ని చూసి ఉండడు. ఈ తోక పట్టుకుంటే గోదారేంటి, అక్కడినుంచి ఆగకుండా అంతర్వేది దాకా పోవచ్చు. వంకర కూడా కాదు, తిన్నగా లాఠీలా ఉంటుంది, భగవంతుడు దాన్ని సరిగ్గా టీపాయ్ ఎత్తులో బిగించాడు. చుట్టాలొచ్చారని సంతోషంతో ఒక్క ఊపు ఊపితే టీ గ్లాసులు నాలుగూ వరసగా, మొదటిది రెండోదాన్ని రెండోది మూడోదాన్ని తోసుకుంటూ, చివరిది మా బావగారి తెల్లచొక్కా మీద. ఒకసారి గోడకేసి కొట్టుకుని తోక చివర రక్తం కారింది, కట్టు కట్టిస్తే ఆ కట్టుతో మళ్లీ సంతోషపడ్డాడు, గోడ నిండా ఎర్రచుక్కలు, పాలవాడు చూసి పోలీసులకి చెప్పాలా వద్దా అని వాచ్‌మన్‌ని అడిగాట్ట. ఇక చొంగ సంగతి. నీళ్లు తాగొచ్చి తల విదిలిస్తే ఎంత దూరం పోతుందో అనుమానమున్న వాళ్లు మా హాల్లో గోడగడియారం చూడొచ్చు, నాలుగుకీ ఐదుకీ మధ్య ఎండిపోయిన తీగ ఒకటి ఉంది.

ఇంట్లోకి వీడు తెచ్చిన సంస్కరణలు కూడా చెప్పాలి. కుక్కలకి ఉల్లిపాయ విషమని డాక్టర్ చెప్పాడు, ద్రాక్ష, చాక్లెట్ కూడా. మా అమ్మ చాటుగా పెట్టే పప్పన్నం ఆపలేం కాబట్టి పప్పులో ఉల్లిపాయే ఆపేశాం. కార్తీకమాసంలో కూడా ఉల్లి మానని కొంప మాది, కుక్కొచ్చాకే నిష్ఠ వచ్చింది. ఇంట్లో కుక్కేంటి అని వీడు రాకముందు వారం రోజులు అన్నం మానేసింది కూడా ఈవిడే. ఇప్పుడు పెరుగన్నం వేళ్లతో మెత్తగా పిసికి స్టూలు మీద గిన్నె పెట్టి, తిన్నాక గంటసేపు కదలనివ్వకుండా పక్కనే కాపలా కూర్చుంటుంది, ఈ జాతికి తినగానే గెంతితే కడుపు ఉబ్బి మెలితిరిగి ప్రాణం మీదకొస్తుందన్నారని. వీళ్ల ఆయుష్షు ఏడెనిమిదేళ్లు, మహా అయితే పదేళ్లు. ఆ మాట ఆవిడ దగ్గర ఎత్తం.

సరే, అసోసియేషన్ మీటింగ్ పెట్టారు. ముందు చట్టం మాట్లాడాను, పెంపుడు కుక్కల్ని లిఫ్టు ఎక్కనివ్వం అనడానికి అసోసియేషన్లకి వీల్లేదని 2015లోనే జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాలిచ్చిందని. సెక్రటరీ గారు ప్రశాంతంగా "కుక్కలకి మేం వ్యతిరేకం కాదు సార్, కుక్క సైజులో ఉంటే" అన్నారు. మా అమ్మ లేచింది. "ధర్మరాజు కుక్క లేకుండా ఇంద్రుడి రథమే ఎక్కనన్నాడు నాయనా, నీ లిఫ్టెంత" అంది. హాలంతా చప్పట్లు. "ఆ కుక్క చివరికి యమధర్మరాజని తేలింది కదండీ పిన్నిగారూ, ఇప్పుడు నేను ధైర్యంగా ఎక్కాలా" అన్నారాయన. దానికీ చప్పట్లే, మా వాళ్లు ఎవరు మాట్లాడినా కొడతారు.

అప్పుడు తీశాను నా బ్రహ్మాస్త్రం. ప్లేటు ఫోటో, కాటా చీటీ, భాగాహారం. మనిషంటే 68, మా వాడు 68, కాబట్టి మా వాణ్ని ఆపడమంటే ఒక పౌరుణ్ని ఆపడమే అని గొంతు కొంచెం వణికేలా చెప్పాను. ఎవరూ మాట్లాడలేదు. సెక్రటరీ గారు కాగితం తీసేస్తామన్నారు. గెలిచాననుకుని కూర్చోబోతుంటే మూలనుంచి ట్రెజరర్ గారు కళ్లజోడు సర్దుకుని "అయితే సార్, ఎండాకాలం ట్యాంకర్ల డబ్బులు తలకింత అని వేస్తున్నాం కదా, మీ ఫ్లాటుకి ఇప్పటిదాకా నలుగురనే రాస్తున్నాను" అన్నారు.

చిన్నోడు మా అమ్మ కుర్చీ వెనక తల దాచుకున్నాడు. నేను కాసేపు ఆలోచించి, మరి నా దగ్గర తొమ్మిది కేజీలు తరుగు ఉంది, అదేమైనా తీసేస్తారా అని అడిగాను. ట్రెజరర్ గారు నన్ను పైనుంచి కిందదాకా ఒకసారి చూసి, పుస్తకంలో నలుగురు కొట్టేసి ఐదుగురు అని రాసుకున్నారు.