“ఎవరూ చెప్పని తొమ్మిది కారు రహస్యాలు” పంపేవాళ్లకి ఒక జవాబు

మొదట ఫ్యామిలీ గ్రూపులో మావయ్య పంపాడు. తర్వాత ఆఫీసు గ్రూపులో వచ్చింది. ఇప్పుడు అపార్ట్‌మెంట్ గ్రూపులో సెక్రటరీ గారు “చాలా ఉపయోగకరం, అందరూ చదవగలరు” అని పిన్ చేసి మరీ పెట్టారు. “మధ్యతరగతి వాడికి కారు: ఎవరూ చెప్పని 9 రహస్యాలు” అని దాని పేరు. సారం ఏంటంటే, కొత్త కారు కొనేవాడు అమాయకుడట, ఢిల్లీ నుంచి పాత డీజిల్ కారు తెప్పించుకుని పేరు కూడా మార్చకుండా తిరిగేవాడు తెలివైనవాడట. చదివి నవ్వుకుని వదిలేసేదాన్నే గానీ, “మన చిన్నోడికి ఇలాగే ఒకటి చూద్దామా అమ్మా?” అని మావయ్య ఫోన్ చేశాక ఊరుకోబుద్ధి కాలేదు. వరసగా చెప్పను, ఏది ఎంత ప్రమాదమో అంతసేపు చెబుతాను.

మొదటి రహస్యం: “షోరూమ్ గేటు దాటగానే కారు విలువ సగం పోతుంది.”

బీమా కంపెనీలు ఐడీవీ (బీమా కోసం కారుకి లెక్కగట్టే విలువ) కట్టేటప్పుడు వాడే తరుగుదల పట్టిక ఒకసారి చూడండి. ఆరు నెలల లోపు కారుకి 5 శాతం, ఏడాది లోపు 15, రెండేళ్ల లోపు 20, మూడేళ్ల లోపు 30, నాలుగేళ్ల లోపు 40. సగం అన్న మాట నాలుగేళ్లు దాటాకే వస్తుంది. బయట మార్కెట్ రేటు దీనికి అటూ ఇటూ ఉండొచ్చు, కానీ గేటు దగ్గర సగం మాయమయ్యే కారు నేనైతే చూడలేదు.

అయితే ఇందులో కాస్త నిజం ఉంది, అది రాసినాయనకి కూడా తెలిసినట్టు లేదు. మనం కట్టేది ఆన్ రోడ్ ధర. తెలంగాణలో ఐదు లక్షల లోపు కారుకి లైఫ్ ట్యాక్స్ 13 శాతం, ఐదు నుంచి పది లక్షల దాకా 14 శాతం. దాని మీద ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్ ఖర్చులు. రేపే అమ్ముదామంటే ఈ డబ్బు ఎవడూ విడిగా లెక్కగట్టి ఇవ్వడు. అదే మన రాష్ట్రంలోనే రిజిస్టరైన సెకండ్ హ్యాండ్ కారు కొంటే, ఆ లైఫ్ ట్యాక్స్ మొదటివాడు కట్టేసి ఉంటాడు కాబట్టి మనకి కలిసొస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో అసలు లాభం ఇక్కడుంది. దీన్ని గుర్తుపెట్టుకోండి, ఢిల్లీ కారు దగ్గర పనికొస్తుంది.

ఇక మెసేజ్‌లో ఊసే లేని సంగతి జీఎస్టీ. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద పన్ను 28 శాతం, పైన సెస్సు అన్నది పోయి 18 శాతానికి దిగింది. ఆల్టో కె10 బేస్ మోడల్ ఎక్స్ షోరూమ్ ధర (లైఫ్ ట్యాక్సూ ఇన్సూరెన్సూ కలపనిది) 4.23 లక్షల నుంచి 3.70 లక్షలకి వచ్చింది, వ్యాగన్ ఆర్ ఐదు లక్షల లోపుకి దిగింది. అయినా 2023లో కొన్నాయన ఇప్పుడు అమ్మేటప్పుడు లెక్క ఎక్కడ మొదలుపెడతాడు? తను అప్పుడు కట్టిన ఆన్ రోడ్ దగ్గర. “ఆరు లక్షలైంది సార్ నాకు, నాలుగున్నరకిస్తున్నా” అంటాడు. ఆయనకి ఎంతైందో మనకెందుకు? అదే మోడల్ కొత్తది ఇవాళ ఎంతకొస్తుందో అక్కడి నుంచి కిందికి రావాలి. రెండేళ్ల పాత కారుకీ కొత్తదానికీ లక్ష కూడా తేడా లేకపోతే, పైగా పాత కారు లోన్ మీద వడ్డీ ఎక్కువ పడుతుంది కాబట్టి, ఈఎంఐ మీద కొనేవాడికి కొత్తదే నయం. ఐదారేళ్ల కారు, చేతిలో డబ్బు, ఇవి రెండూ ఉన్నప్పుడు సెకండ్ హ్యాండ్ నిజంగా గెలుస్తుంది.

మూడో రహస్యం. నాకు ఒళ్లు మండింది ఇక్కడే: “పేరు మార్పిడి దండగ ఖర్చు. అమ్మినవాడితో ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టించుకుని బీరువాలో పెట్టుకోండి. మళ్లీ అమ్మేటప్పుడు అవే ఇచ్చేయండి.”

ఈ సలహా ఎవరికి లాభమో ముందు చూడండి. పేరు మారకపోతే కారు ఇద్దరు ముగ్గురి చేతులు మారినా ఆర్‌సీలో “ఫస్ట్ ఓనర్” గానే ఉంటుంది. రోడ్డు పక్క పాత కార్ల కన్సల్టెన్సీ వాళ్లు ఖాళీ ఫారాల మీద సంతకాలు తీసుకుని, తేదీ కూడా వేయకుండా ఉంచేది అందుకే. మీరు కొనేది ఫస్ట్ ఓనర్ కారు అనుకుంటారు, మధ్యలో ఎవడు నడిపాడో, దాన్ని ఎక్కడ గుద్దాడో ఏ కాగితంలోనూ ఉండదు.

కొన్నవాడికి వచ్చే కష్టం చూద్దాం. కారు అమ్మిన పెద్దాయన రేపు పోయాడనుకోండి, ఆ సంతకాలతో చేసేదేం లేదు, ఫారం 31 పెట్టి వారసుల చేత కాగితాలు ఇప్పించుకోవాలి, ఆ వారసులేమో అమెరికాలో ఒకరు, మాట్లాడుకోని అన్నదమ్ములు ఇద్దరు. ఆయన లోన్ తీర్చినా బ్యాంకు ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం), ఫారం 35 ఇచ్చి ఆర్‌సీలో హైపోతికేషన్ (కారు మీద బ్యాంకు లోన్ ఉందన్న నమోదు) తీయించుకోలేదనుకోండి, మీరు బ్యాంకు చుట్టూ తిరగాలి. కారు దొంగ ఎత్తుకెళ్లాడనుకోండి, ఎవరి పేరు మీద క్లెయిమ్ చేస్తారు? మూడో మనిషికి తగిలిన దెబ్బకి బీమా కారుతో పాటే వస్తుంది, చట్టం అలా రక్షించింది. మీ సొంత కారు డ్యామేజీకి మాత్రం పాలసీ మీ పేరు మీదకి మారాల్సిందే. పాలసీ పాతాయనది, కారు మీది అయితే కంపెనీ చక్కగా చేతులెత్తేస్తుంది.

అమ్మినవాడి సంగతి ఇంకా ఘోరం. 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: కారు చేతులు మారి మారి ఎవరి దగ్గరికి పోయినా సరే, యాక్సిడెంట్ జరిగిన రోజు ఆర్‌సీలో ఎవరి పేరుందో చట్టం దృష్టిలో ఓనర్ అతనే, పరిహారం బాధ్యత అతనిదే. అంటే మీరు ఎప్పుడో అమ్మేసి మర్చిపోయిన కారు ఎక్కడో ఎవరినో గుద్దితే కోర్టు నోటీసు మీ ఇంటికొస్తుంది. “అమ్మేశానండీ, ఇదిగో స్టాంపు కాగితం” అంటే వినరు. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం అమ్మినవాడు 14 రోజుల్లో, వేరే రాష్ట్రానికి వెళ్లే కారైతే 45 రోజుల్లో ఆర్‌టీఏకి తెలపాలి, కొన్నవాడు 30 రోజుల్లో తెలపాలి. డీలర్‌కి అమ్మితే, 2023 ఏప్రిల్ నుంచి వాళ్లకి ఆర్‌టీఏ ఆథరైజేషన్ ఉండాలన్న రూల్ వచ్చింది. ఆ ఆథరైజేషన్ ఉన్న డీలర్‌కి ఫారం 29సీ (కారు డీలర్ చేతికి ఇచ్చానని ఆర్‌టీఏకి తెలిపే కాగితం) పెట్టి కారు అప్పగిస్తే అప్పటి నుంచి బాధ్యత అతనిది. “నీకు ఆథరైజేషన్ ఉందా అన్నా?” అని అడగండి, మొహం ఎలా మారుతుందో చూడండి.

ఇంత తతంగం తప్పించుకుని మిగుల్చుకునేది ఎంత? కారుకి సీట్ కవర్లు వేయించినంత కూడా కాదు. ఏం ఆదా అండీ అది!

రెండోది, ఢిల్లీ కారు. “అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగనివ్వరు, కాబట్టి రెండు లక్షలకే స్విఫ్ట్ డీజిల్!”

తక్కువకి రావడం నిజమే, కారణమూ 2025 దాకా నిజమే: పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ కార్ల మీద ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్), ఆ తర్వాత 2018లో సుప్రీంకోర్టు ఆంక్షలు పెట్టాయి, 2025లో సుప్రీంకోర్టే వాటిని కొంత సడలించింది. ఇక్కడికి తెచ్చాక ఏం చేయాలో మెసేజ్ చెప్పదు. ఢిల్లీ ఆర్‌టీవో నుంచి ఎన్ఓసీ, కారు మీద చలాన్లు ఉంటే అవి కట్టడం, లారీ మీద రవాణా, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్, టీజీ నంబరుతో రీ-రిజిస్ట్రేషన్. ఇందాక చెప్పిన కలిసొచ్చే లైఫ్ ట్యాక్స్ ఇక్కడ మీ జేబులోంచే పోతుంది. “ఢిల్లీ నంబరుతోనే తిరుగుతా” అంటే పన్నెండు నెలలు దాటాక చట్టం ఒప్పుకోదు, ఆ లోపు కూడా ప్రతి చెకింగ్ దగ్గరా టెన్షనే. పదిహేనేళ్లు నిండితే ఆర్‌సీ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్‌లోనే 600 నుంచి 5,000 అయింది. పదేళ్ల డీజిల్‌లో టర్బో, ఇంజెక్టర్ ఏది పోయినా షెడ్డులో బిల్లు చూశాక మైలేజ్ గురించి మాట్లాడబుద్ధి కాదు. నెలంతా ఊళ్లు తిరిగేవాడికైతే వేరే లెక్క. కూకట్‌పల్లి నుంచి మాదాపూర్ వెళ్లొచ్చే మా చిన్నోడికి డీజిల్ ఎందుకు?

ఐదోది: “మీటర్ రీడింగ్ 50 వేల లోపు ఉంటే కళ్లు మూసుకుని తీసుకోండి.”

కళ్లు మూసుకోండి, రీడింగ్ తిప్పేవాడికి కావాల్సింది అదే. వెనక్కి తిప్పడానికి లాప్‌టాప్ ఉన్న కుర్రాడు చాలు. ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్‌లో కారు నంబరు చెప్పి ఎప్పుడెప్పుడు ఎన్ని కిలోమీటర్ల దగ్గర సర్వీసైందో ఓనర్ చేత అడిగించండి. డ్రైవర్ కూర్చునే వైపు క్లచ్ పెడల్ రబ్బరు చూడండి, 38 వేలు తిరిగిన కారుకి అది నున్నగా అరిగిపోదు. టైరు పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది, 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది అని. కారు 2021దైతే, టైర్లు 2024వైతే, 30 వేల రీడింగ్‌కే నాలుగూ ఎందుకు మార్చావయ్యా అని అడగాలి.

ఇంకోటి, మనవాళ్లకి ముఖ్యమైనది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ వైపు కార్లు రోజుల తరబడి నీళ్లలో నిలిచాయి. అవన్నీ తుక్కుకే పోయాయనుకుంటున్నారా? సీటు కవర్లు కొత్తవి, కార్పెట్ కొత్తది, లోపల మల్లెపూల సెంటు గుప్పుమంటుంటే అనుమానించండి. ముందు సీటు బెల్ట్ పట్టుకుని ఆఖరి దాకా లాగండి. రోజూ బయట కనిపించే భాగం కడిగేస్తారు, లోపల చుట్టలో ఉండే చివరి మూర మీద మట్టి గీత అలాగే ఉండిపోతుంది. స్టెప్నీ తీసి దాని గుంటలో వేలితో రుద్ది చూడండి, సీటు పట్టాల బోల్టులకి తుప్పు ఉందేమో ఫోన్ టార్చ్ వేసి చూడండి. అమ్మేవాడు “ఏంటి సార్ అంత డౌటా” అంటే అననివ్వండి.

ఆరోది: “డోర్ తట్టి చూడండి, దబ్ మంటే సేఫ్, టక్ మంటే రేకు డబ్బా.”

పుచ్చకాయ కొంటున్నామా? 2024లో వచ్చిన కొత్త డిజైర్ టన్ను అటూ ఇటూ బరువుండే కారు, రేకు డబ్బా అని జనం తిట్టే మారుతి కంపెనీదే, కార్లని గుద్దించి భద్రతకి స్టార్లు ఇచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో ఐదు స్టార్లు తెచ్చుకుంది. అదే కంపెనీ వ్యాగన్ ఆర్‌కి 2023లో ఒకటే, ఆల్టో కె10కి రెండు. ఇవి తలుపు చప్పుడులో తెలియవు. పైగా 2022లో పరీక్ష పద్ధతి కఠినమైంది, కాబట్టి 2020లో టియాగోకి వచ్చిన నాలుగు స్టార్లని వీటి పక్కన పెట్టి పోల్చకూడదు.

పాత కారు కొనేవాడు చప్పుడు కాదు, తయారీ తేదీ చూడాలి. కార్లన్నింటికీ ఏబీఎస్ (గట్టిగా బ్రేకేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) తప్పనిసరైంది 2019 ఏప్రిల్ నుంచి. డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, సీట్ బెల్ట్ వార్నింగ్, వెనక పార్కింగ్ సెన్సార్లు 2019 జూలై నుంచి. పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ అన్ని మోడళ్లకీ వచ్చింది 2022 జనవరి నుంచి. 2017 ఆల్టో బేస్ మోడల్ లక్షన్నరకి వస్తుందని సంబరపడేవాళ్లు, అందులో ఇవేవీ లేకపోవచ్చని తెలిసే కొనండి. ఇప్పుడు కొత్త ఆల్టోలో ఆరు ఎయిర్‌బ్యాగ్‌లు వస్తున్నాయి. ఆ ఎయిర్‌బ్యాగ్‌లకీ, పైన చెప్పిన రెండు స్టార్లకీ సంబంధం లేదు, ఆ పరీక్ష అంతకుముందుది.

ఏడోది, పాత కారు అమ్మితే 18 శాతం జీఎస్టీ కట్టాలట. కట్టక్కర్లేదు. అది రిజిస్టర్డ్ డీలర్‌కి, అదీ అతని లాభం మీద. మీరూ నేనూ ఒకరికొకరం అమ్ముకుంటే లేదు.

నాలుగోది, “పాత కారుకి థర్డ్ పార్టీ చాలు” (అంటే మూడో మనిషికి జరిగిన నష్టానికి మాత్రమే బీమా). లక్షా ఇరవై వేల కారుకి చాలు, ఐదు లక్షల కారుకి చాలదు. ఇది రహస్యమా?

ఎనిమిదో రహస్యం దగ్గర మాత్రం నేను ఆగిపోయాను. “నెలకి మూడు నాలుగు వందల కిలోమీటర్లు కూడా తిరగనివాడు అసలు కారే కొనొద్దు, క్యాబ్ ఎక్కండి” అని ఉంది. దీన్ని ఎలా కొట్టిపారేద్దామా అని లెక్క వేశాను. నాలుగున్నర లక్షల ఆన్ రోడ్, ఏటా ఇన్సూరెన్స్, సర్వీసు, పార్కింగ్, ఏడేళ్ల తర్వాత అమ్మితే వచ్చేది తీసేస్తే కూడా ఒక్కో కిలోమీటరు క్యాబ్ కంటే చవగ్గా పడడం లేదు. ఇదే మెసేజ్‌లో ఈ ముక్క ఎలా వచ్చిందో తెలియదు గానీ, మిగతా ఎనిమిదీ చెరిపేసి ఇదొక్కటే ఫార్వర్డ్ చేసినా నాకు అభ్యంతరం లేదు. అమ్మానాన్నలతో రాత్రివేళ ఆసుపత్రికి పరిగెత్తాల్సిన ఇల్లైతే ఈ లెక్క కుదరదు, అది వేరే సంగతి. మావయ్యకి కూడా ఇదే చెప్పాను. “అయినా ఇంటి ముందు కారుంటే ఆ లెక్కే వేరమ్మా” అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

తొమ్మిదోది, కారు శనివారం ఇంటికి తేకూడదట. తేకండి. ఆ రోజు ఖాళీగా ఉంటారు కాబట్టి పాలసీ మీ పేరు మీదకి మార్చమని బీమా కంపెనీకి మెయిల్ పెట్టుకోండి, దానికి చట్టం ఇచ్చిన గడువు పద్నాలుగు రోజులే. పాతాయన నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మీకు రాదు, ఆ తేడా కట్టమంటారు, కట్టేయండి.