ముద్ద ఎగిరితే ప్లాస్టిక్ బియ్యమేనా?

వదంతులు నమ్మేది చదువులేనివాళ్లేనని కొందరు తేల్చేస్తుంటారు, అది సరికాదు. 2017 జూన్‌లో హైదరాబాద్‌లో ప్లాస్టిక్ బియ్యం అమ్ముతున్నారంటూ లేచిన గోలే చూడండి. అన్నం గట్టిగా పిసికి ముద్ద చేసి నేలకేసి కొడితే బంతిలా ఎగిరింది. తన చేత్తో చేసి, కళ్లారా చూశాక ఎవరైనా నమ్ముతారు! పాలలో నీళ్లు, కారంలో ఇటుక పొడి కలుస్తాయని తెలిసిన జనం మరి. నిజానికి ఉడికిన బియ్యంలోని పిండిపదార్థం నీరు పీల్చి జిగురెక్కుతుంది. పిసికితే రబ్బరు గుణం వస్తుంది, మంచి బియ్యమైనా అంతే. కాల్చి చూడటమూ తేల్చదు, బియ్యం కూడా మాడి బొగ్గవుతుంది. అనుమానముంటే గుప్పెడు బియ్యం ఇరవై నిమిషాలు ఉడికించి, గింజను వేళ్ల మధ్య నలపండి. ప్లాస్టిక్ అయితే నీరు పీల్చదు, ఉబ్బదు, మెత్తగా నలగదు.